దస్రు అమ్మిన డ్రమ్ములు

ములకలపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న ఆ తండాలో దస్రు అనే పేరున్నవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకని ఒకణ్ని మేకల దస్రు అనీ, ఇంకొకణ్ని మేస్త్రీ దస్రు అనీ, ఈ కథలో మనిషిని డ్రమ్ముల దస్రు అనీ పిలిచేవాళ్లు. డ్రమ్ములు రాకముందు అతన్ని ప్రత్యేకంగా పిలవాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. కాస్త చెల్క భూమి ఉంది. వానాకాలం అందులో పత్తి, ఎండాకాలం అడవి. తునికాకు, ఇప్పపువ్వు, తపసి చెట్ల బంక, ఏది దొరికితే అది తెచ్చి అమ్ముకునేవాడు.

ఫ్యాక్టరీ గేటు దాకా అతను మొదటిసారి పోయింది కూడా బంక అమ్ముదామనే. పాల్వంచ రోడ్డు మీద ప్లైవుడ్ చెక్కలు అతికించే జిగురు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి కొత్తగా పెట్టారు. దాని పేరు ఇంగ్లీషులో చాలా పొడుగ్గా ఉండేది. చుట్టుపక్కల జనం బంక ఫ్యాక్టరీ అని కుదించుకున్నారు. బంక ఫ్యాక్టరీ అంటే బంక కొనకుండా ఎట్లా ఉంటుందని దస్రు సంచి నిండా తపసి బంక కట్టుకుని సైకిల్ మీద పోయాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ సంచి విప్పి చూశాడు.

"ఈడ బంక కొనరు. చేస్తరు" అన్నాడు.

"చెట్లు లేకుండ ఎట్ల చేస్తరు?"

"మందులతోని."

ఆ మందులు వచ్చే నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు వెనక గోడ పక్కన గుట్టగా పడి ఉన్నాయి. వాటితో ఏం చెయ్యాలో ఫ్యాక్టరీకి తెలియదు. "గవి గావాల్నంటే తీస్కపో" అన్నాడు వాచ్‌మన్. దస్రు బంక సంచిని హ్యాండిల్‌కు తగిలించి, వెనక క్యారియర్‌కు రెండు డ్రమ్ములు కట్టుకుని తిరిగొచ్చాడు. తండాకు చేరకముందే, మలుపు దగ్గర టీ హోటల్ నడిపే నాగక్క రెండూ కొనేసింది. సంచిలో బంక సంగతి అతనికి మర్నాటి దాకా గుర్తు రాలేదు.

ఆ ఎండాకాలం బోర్లు ఎండిపోయి నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియకుండా ఉండేది. వచ్చినప్పుడు బిందెలున్నవాళ్లు బిందెడు, డ్రమ్మున్నవాళ్లు డ్రమ్ముడు పట్టుకునేవాళ్లు. ఇక దస్రు వెనక్కి తిరిగి చూసుకోలేదు. సైకిల్ పోయి ఎడ్లబండి వచ్చింది, ఎడ్లబండి పోయి కిరాయి ట్రాలీ ఆటో వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి డ్రమ్ములు తెచ్చి, వాగులో దింపి, బూడిద, చింతపండు, బట్టల సోడా వేసి మూడుసార్లు కడిగేవాడు. అరచేతుల తోలు పొరలు పొరలుగా లేస్తే కొబ్బరినూనె రాసుకునేవాడు. అతను కడిగే చోటికి దిగువన చేపలు పట్టడం కొన్నాళ్లకు మానేశారు. పట్టడానికి లేవు కాబట్టి మానేశారు. ఎవరో బ్లీచింగ్ పౌడర్ కలిపి చేపలు పడుతున్నారని ఊళ్లో ఒక పంచాయితీ కూడా జరిగింది. దస్రు అందులో కూర్చుని, అట్లాంటివాళ్లకు జుర్మానా వెయ్యాలని చెప్పి వచ్చాడు.

సరుకు అమ్మడంలో అతనికి ఒకటే ఇబ్బంది. కొనేవాళ్లు మూత తీసి మొహం పక్కకు తిప్పుకునేవాళ్లు.

"ఏందో వాసనొస్తుందిర" అనేవాళ్లు.

మొదట్లో దస్రుకు ఒక జవాబుండేది. "అది దవాఖానా వాసననే. దవాఖానాల నేల తుడిచే మందు లెక్క. పురుగు రాదు, దోమ రాదు." ఆ జవాబు బాగా పనిచేసింది. తర్వాత్తర్వాత అతను ఇంకో జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. "వాసన ఏడుంది? మంచిగ కడిగిన. పోయింది." ఆ మాట నిజమని నమ్మే చెప్పేవాడు. కడిగాక స్వయంగా తల లోపల పెట్టి చూసుకునేవాడు. ఇంకా వాసన వస్తోందని అనేవాళ్లు ధర తగ్గించడానికే అంటున్నారని అతని ఉద్దేశం.

అట్లా ఆరేడేళ్లలో ఆ అడవి అంచున అతని డ్రమ్ము లేని ఇల్లు లేకుండా పోయింది. నీళ్లకు డ్రమ్ము, వడ్లకు డ్రమ్ము, ఇప్పపువ్వు నానబెట్టడానికి డ్రమ్ము. పెళ్లిలో బీరువా, మంచంతో పాటు డ్రమ్ము పెట్టే మర్యాద ఒకటి కొత్తగా పుట్టింది. డ్రమ్ము లేని ఇల్లు ఒక్కటే మిగిలింది, అది దస్రు ఇల్లు. అతని భార్య మంగ్లి డ్రమ్మును గడప దాటి లోపలికి రానివ్వలేదు.

"అందరికి అమ్మేటోని ఇంట్ల లేకపోతే అడిగెటోళ్లకు ఏం చెప్పాలె?" అన్నాడు దస్రు.

"నా పెండ్లానికి బుద్ధి లేదని చెప్పు" అంది మంగ్లి.

అతను అదే చెప్పుకుంటూ వచ్చాడు.

రెండు వేల నాలుగులో ఫ్యాక్టరీ గేటు పక్కన గోడంత బోర్డు వెలిసింది. ఇట్లాంటి ఫ్యాక్టరీలన్నీ లోపల ఏమేం ప్రమాదకరమైన చెత్త పుడుతుందో బయట జనానికి కనిపించేట్టు రాసి పెట్టాలని ఢిల్లీలో పెద్ద కోర్టు చెప్పిందట. దస్రుకు ఈ సంగతి తెలియదు. ఆశ్రమ పాఠశాలలో అయిదు దాకా చదివాడు కాబట్టి బోర్డు ముందు ఆటో ఆపి కూడబలుక్కుని చదివాడు. మూడో వరసలో 'ఖాళీ డ్రమ్ములు' అని ఉంది. దస్రు చాలా సంతోషపడ్డాడు. ఇన్నేళ్లకు కంపెనీ తన సరుకుకు అడ్వర్టైజ్‌మెంట్ ఇచ్చింది.

లోపలికి పోయి ఆఫీసులో సారును కలవాలన్నాడు. కాలుష్యం సంగతులు చూడటానికని కొత్తగా చేరిన క్రాంతికుమార్ అనే ఆఫీసరు దగ్గరికి పంపారు. సత్తుపల్లివాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు కావడంతో మామూలుగా మాట్లాడినా అందరికీ వినపడేది.

"సార్, బోర్డు మంచిగున్నది. కింద నా పేరు, తండా పేరు గిట్ల రాయిస్తే జనం నేరుగ నా దగ్గరికే వస్తరు" అన్నాడు దస్రు.

క్రాంతికుమార్ కుర్చీ చూపించి టీ తెప్పించాడు.

"దస్రన్నా, ఆ బోర్డులో ఉన్నవి అమ్మేవి కావు. ఎవరికీ అమ్మకూడనివి."

"ఖాళీ డ్రమ్ములే గద సార్?"

"మందు వంపేశాక కూడా కొంత లోపల గోడకి అంటుకుని ఉంటుంది. అందుకని గవర్నమెంటు రూల్లో ఖాళీ డ్రమ్ము ఖాళీ కాదు."

"మరి ఖాళీ డ్రమ్మని ఎందుకు రాసిన్రు?"

"ఇంకో మాట దొరకలేదు" అని ఒప్పుకున్నాడు క్రాంతికుమార్. వేళ్లు మడుస్తూ వివరంగా చెప్పాడు. ఇట్లాంటి చెత్త విషయంలో సర్కారు పద్ధతి ఏమిటంటే, ముందు అది పుట్టకుండానే చూడాలి. పుట్టక తప్పకపోతే తగ్గించాలి. ఆ తర్వాత, పర్మిషన్ ఉన్నవాళ్ల దగ్గర శుద్ధి చేయించి మళ్లీ వాడాలి. దేనికీ పనికిరానిది హైదరాబాద్ అవతల పెద్ద గొయ్యి తవ్వి, అడుగున మందపాటి షీటు పరిచి, వాన నీళ్లు దిగకుండా పూడ్చాలి.

దస్రు శ్రద్ధగా విన్నాడు.

"దీంట్ల నేను యాడ వస్త సార్?"

"నువ్వు ఎక్కడా రావన్నా."

దస్రు టీ తాగడం ఆపాడు. క్రాంతికుమార్‌కు అప్పుడు అనుమానమొచ్చి, ఇప్పటిదాకా ఎక్కడెక్కడ అమ్మావని అడిగాడు. దస్రు ఊళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. మొదట గర్వంగానే చెప్పాడు. ఎదుటి మనిషి మొహం చూస్తున్నకొద్దీ గొంతు తగ్గించాడు. గోదావరి అవతల ఊళ్ల దగ్గరికి వచ్చేసరికి క్రాంతికుమార్ కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడేమోనని దస్రు కాసేపు ఆగాడు.

క్రాంతికుమార్ ఈ సంగతి మేనేజరుకు చెప్పాడు. అమ్మింది వాడు, కొన్నది వాళ్లు, మధ్యలో మనమెవరం అన్నాడు మేనేజరు. ఆ నెలలోనే తనిఖీకి వచ్చిన అధికారులకు క్రాంతికుమార్ మళ్లీ అదే సంగతి చెప్పాడు. మేనేజరు అతనితో చాలా రోజులు మాట్లాడలేదు. అధికారులు మాత్రం అమ్మిన ప్రతి డ్రమ్మునూ ఫ్యాక్టరీ సొంత ఖర్చుతో వాపసు తేవాలని తేల్చి చెప్పిపోయారు. ఏది ఎవరింట్లో ఉందో తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కడే. అట్లా దస్రును జీతానికి పెట్టుకున్నారు, తను అమ్మినవన్నీ తిరిగి తేవడానికి.

మొదట నాగక్క హోటల్‌కే పోయాడు.

"అక్కా, నీ డ్రమ్ములు వాపసియ్యాలె. అవి మంచియి గావట."

"ఎవరు చెప్పిన్రు?"

"సర్కారు."

"మంచియని ఎవరు చెప్పిన్రు?"

"నేనే."

"మరి నువ్వు ముందు జెప్పినవ్. నీ మాటే ముందు" అంది నాగక్క, డ్రమ్ములోంచి చెంబుతో నీళ్లు ముంచి టీ గిన్నెలో పోస్తూ. "నా మనుమల దాక ఉంటదన్నవ్. ఇంకా నా కొడుక్కే పెండ్లి గాలె."

సర్కారు పాత డ్రమ్ముల కోసం వెతుకుతోందన్న కబురు ఊరూరా పాకింది. సర్కారు ఊరికే ఏదీ వెతకదు, కాబట్టి వాటిలో ఏదో ఉందని జనం అర్థం చేసుకున్నారు. నిన్నటి దాకా వాకిట్లో ఉన్నవి అటకలెక్కాయి. పక్క గూడెంలో పగిడయ్య అనే పెద్దమనిషి తన డ్రమ్మును అడవిలోకి తీసుకుపోయి టేకాకులు కప్పి దాచాడు. దస్రు ఆటో వేసుకుని పొద్దంతా తిరిగి, సాయంత్రం ఖాళీగా వచ్చేవాడు.

పాతదానికి కొత్తది ఇద్దామని క్రాంతికుమార్ మేనేజరును ఒప్పించాడు. మందు ముట్టని తెల్ల డ్రమ్ములు ఒక లారీ నిండా వచ్చి తండా బడి ఆవరణలో దిగాయి. ఆ ఉదయం జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. దస్రు అమ్మినవి తెచ్చారు, అమ్మనివి తెచ్చారు. మణుగూరు నుంచి ఎవరో ఆయిల్ డబ్బాలు తెచ్చారు. ఒకాయన అడుగు లేని ఇనప పీపా దొర్లించుకుంటూ వచ్చాడు. కొందరు వాటికి నీలం రంగు పూసి మరీ తెచ్చారు.

"దస్రన్నా, నువ్వే తేల్చాలి. వాసన చూస్తే తెలిసిపోతుంది కదా" అన్నాడు క్రాంతికుమార్.

దస్రు మొదటి డ్రమ్ము మూత తీసి లోపలికి వంగాడు. "ఇది గాదు" అన్నాడు. రెండోది చూశాడు. "ఇదీ గాదు." మూడోదీ కాదన్నాడు. వెనక నిలబడ్డవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. ఏం జరుగుతోందో చూద్దామని వచ్చిన నాగక్క ముందుకొచ్చింది.

"గది నువ్వే నా ముందల ఆటోల నుంచి దింపి మీ తండా లాలి వాళ్లకిచ్చినవ్ గదరా! వాసన గుప్పుమంటుంటే కాదంటవేంది?"

దస్రు మళ్లీ వంగాడు. ఈసారి తలంతా లోపల పెట్టి గట్టిగా పీల్చాడు. తల బయటికి తీసి చూస్తే క్రాంతికుమార్ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. నాగక్క కొంగు పెట్టుకుని ఉంది. దస్రు ఇంకో మూత తీశాడు. ఇంకొకటి తీశాడు. అన్నిట్లోనూ ఒకటే గాలి. మంచినీళ్లకు ఏ వాసన ఉంటుందో వాటికీ అదే ఉంది.

జనం వెనక నిలబడ్డ మంగ్లి అతని దగ్గరికి వచ్చింది. చేతిలోంచి మూత తీసుకుని, "నువ్వు పోయి గడప మీద కూసో" అంది. దస్రు పోయి బడి గడప మీద కూర్చున్నాడు. మంగ్లి డ్రమ్ము దగ్గరికి కూడా పోనవసరం లేకపోయింది. అల్లంత దూరం నుంచే "ఇది అదే. అది గాదు. ఇది అదే" అంటూ పోయింది. ఆమె అన్నదానికి ఎవరూ ఎదురు చెప్పలేదు. తన ఇంట్లోకి ఒక్క డ్రమ్మునూ రానివ్వని మనిషి కాబట్టి ఆమె మాటకు విలువ ఉంది. అడుగు లేని పీపా ఆయన మాత్రం కాస్త వాదించి వెళ్లిపోయాడు.

గడప మీద కూర్చున్న దస్రుకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ధర తగ్గించడానికి అబద్ధమాడుతున్నారని తను తిట్టుకున్న మనుషులంతా నిజమే చెప్పారు. ఈ రెండు మూడేళ్లుగా ఇప్పపువ్వులో పస తగ్గిందనీ, అడవి పాడైపోయిందనీ కనిపించిన ప్రతివాడితో వాదిస్తూ వచ్చాడు. తొలకరి పడ్డాక మట్టి వాసన రాకపోతే, వానలు కూడా మునుపటిలా లేవనుకున్నాడు. పువ్వులోనూ వానలోనూ ఏ మార్పూ లేదు.

ఇంటికొచ్చాక మంగ్లి వెల్లుల్లి దంచి ముక్కు దగ్గర పెట్టింది. కిరసనాయిలు సీసా మూత తీసి పెట్టింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీ మాట. ఇక్కడ తెలుగులో చెప్పుకుంటున్నాం.

"ఎప్పటి సంది?" అంది మంగ్లి.

"తెల్వది. పోయేటప్పుడు చెప్పి పోలేదు."

"నీ అంగీ వాసన కూడా నీకు రాలేదా? నేను గోడ దిక్కు మళ్లి ఎందుకు పంటున్ననో తెల్వదా?"

దస్రు ఆమె వంక చూశాడు. చెల్క పక్కన ఉన్న భూమి కొందామని ఆమె అంటే తను ఆటో కిరాయికి మాట్లాడుకున్నాడని, ఆ కోపంతో మొహం తిప్పుకుందని ఇన్నేళ్లూ అనుకున్నాడు. ఆ కోపం తీర్చడానికి ఒకసారి భద్రాచలం నుంచి చీర కూడా తెచ్చాడు. ఆ చీర కూడా డ్రమ్ముల ఆటోలోనే తెచ్చాడు.

"చెప్పకపోతివి" అన్నాడు.

"చెప్తనే ఉంటి. నువ్వు బేరమాడుతున్న అనుకుంటివి" అంది మంగ్లి. ఆమె ఆ అంగీ తీసుకుపోయి వాకిట్లో పారేసింది. పారెయ్యడం కూడా రూలు ప్రకారం కాదేమోనని అతనికి అనిపించింది కానీ బయటికి అనలేదు.

మర్నాడు దస్రు మళ్లీ నాగక్క హోటల్‌కు పోయాడు. తెల్ల డ్రమ్ము తన నీలం దానికన్నా పొట్టిగా ఉందని ఆమె మార్చుకోలేదు. దస్రు బల్ల మీద కూర్చుని ఈసారి రూలు ఎత్తలేదు.

"అక్కా, వాసన పోయిందని నీకు చెప్పిన. వాసన పోలె. నా ముక్కు పోయింది."

నాగక్క అతన్ని తేరిపార చూసింది. మరిగే టీలో అల్లం బాగా దంచి వేసి, గ్లాసు అతని ముందు పెట్టింది.

"అల్లం తెలుస్తలేదా?"

"గొంతుల మండుతుంది. వాసన లేదు."

ఆమె లోపలికి పోయింది. డ్రమ్ము మూత తీసిన చప్పుడు, తర్వాత మూసిన చప్పుడు వినపడ్డాయి. బయటికొచ్చి, "ఒక చెయ్యి పట్టు. ఒక్కదాన్ని లేపలేను" అంది. నీళ్లు వాగులో పొయ్యవద్దని క్రాంతికుమార్ చెప్పి ఉన్నాడు కాబట్టి నీళ్లతో సహా ఆటోలోకి ఎత్తారు. ఇద్దరికీ నడుములు పట్టేశాయి.

దస్రు ముక్కు పోయిందన్న మాట సర్కారు మాటకన్నా జల్దీగా పాకింది. తర్వాతి వారాల్లో అతను పోయేసరికే డ్రమ్ములు వాకిళ్లలో సిద్ధంగా ఉండేవి. పగిడయ్య టేకాకులు తీసి తన డ్రమ్మును తనే మోసుకొచ్చాడు.

"దీంట్ల పెట్టిన సారా తాగితే కూడా ముక్కు పోతదా?" అని అడిగాడు.

"తెల్వది" అన్నాడు దస్రు. "పారబొయ్యి పెద్దాయనా."

పగిడయ్య చాలాసేపు ఆలోచించి డ్రమ్ము ఇచ్చాడు. సారా మాత్రం కుండలోకి వంపుకుని ఉంచుకున్నాడు. ఆ ఏడాది అతనికేమీ కాలేదు. దస్రు మాత్రం వెళ్లినప్పుడల్లా పలకరించి వస్తుండేవాడు.

ఖమ్మం దవాఖానాలో పెద్ద డాక్టరు టార్చి వేసి చూసి, లోపలి నరం దెబ్బతిన్నదనీ, తిరిగి రావడం కష్టమనీ చెప్పాడు. ఖర్చు కంపెనీ పెట్టుకుంది. అది కూడా క్రాంతికుమార్ మేనేజరుతో ఇంకోసారి గొడవపడి మాటలు బందయ్యాకే. ఫ్యాక్టరీవాళ్లు మందులు డ్రమ్ముల్లో తెప్పించడం మానేసి, ట్యాంకర్లలో తెప్పించి నేరుగా పెద్ద తొట్లలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. అక్కడికి చెత్త పుట్టడమే తగ్గింది. మేనేజరు ఈ ఆలోచన తనదేనని పై ఆఫీసరు ఎదుట చెప్పుకున్నాడు. క్రాంతికుమార్ చప్పట్లు కొట్టాడు. దస్రుకు కొత్తగా కట్టిన షెడ్డులో పని ఇచ్చారు. కాంక్రీటు నేల, రేకుల కప్పు, తాళం. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, హైదరాబాద్ లారీ వచ్చేదాకా వాపసొచ్చిన సరుకు కాపలా కాయడం.

మిగిలినవి పెళ్లిళ్లలో దూరం పోయిన డ్రమ్ములు. వాటి కోసం దస్రు, మంగ్లి కలిసి బస్సుల్లో తిరిగారు. చివరగా దుమ్ముగూడెం అవతల కాపురముంటున్న కళ్యాణి ఇంటికి పోయారు. కళ్యాణి మంగ్లికి పిన్ని కూతురు. పెళ్లికి డ్రమ్ము పెట్టింది దస్రే. దొడ్లోకి పోయి చూస్తే, కళ్యాణి దాన్ని నిలువునా కోయించి రెండు కుడితి తొట్లు చేసుకుంది. రెండు బర్రెలు చెరొక తొట్లో తాగుతున్నాయి.

"ఇది అదేనా?" అన్నాడు దస్రు.

"రెండూ అదే" అంది మంగ్లి.

కళ్యాణి సంగతంతా విన్నది, బర్రెలను తోలేసింది, తొట్లు బోర్లించింది. ఆ తర్వాత, "రెండు తీస్కపోతున్నవ్ గద బావా, రెండు కొత్తయి ఇయ్యి" అంది.

"అమ్మింది ఒకటే గద."

"ఇప్పుడు రెండున్నయి గద."

దస్రు ఊళ్లోని ఎస్టీడీ బూత్ నుంచి క్రాంతికుమార్‌కు ఫోన్ చేశాడు. సగం డ్రమ్ముల గురించి రూల్లో ఏముందని అడిగాడు. "రెండు ముక్కలూ తెచ్చెయ్యన్నా. మిగతాది తర్వాత చూద్దాం" అన్నాడు క్రాంతికుమార్.

దస్రు రెండు కొత్త డ్రమ్ములు పంపిస్తానని ఒప్పుకున్నాడు. కళ్యాణి వాళ్లకు కోడి కోసి పెట్టింది. మధ్యాహ్నం బస్సు టాపు మీద రెండు ముక్కలనూ తాడుతో కట్టారు. కండక్టరు కిందికి దిగి వాటిని చూసి, ఒక లగేజీ టికెట్టు కొట్టాలా రెండు కొట్టాలా అని అడిగాడు. ఒకటే డ్రమ్మని దస్రు గట్టిగా చెప్పాడు.